బర్తరఫుకు తగిన కారణం

మొన్న ఆడినెల ఆఖరున ఒక ఆదివారం సాయంకాలం మా అక్కయ్య కొడుకును వెంటబెట్టుకొని మా యింటికి వచ్చింది. కుర్రవాడు త్యాగరాయనగరంలో ఒక పెద్ద బట్టల అంగడిలో ఏడేళ్లుగా సేల్సుమన్. పట్టుచీరల అంతస్తు వాడిది. మడతపెట్టిన చీరను ఒక్క విదిలింపుతో కొంగు పైకి వచ్చేటట్లు పరచడంలో వాడికి పేరు. అటువంటివాడు ఆనాడు కుర్చీ అంచున కూర్చుని, తలవంచుకొని, చొక్కా జేబులోనుంచి నాలుగు మడతల కాగితం తీసి మా చేతిలో పెట్టాడు.

ఇంగ్లీషులో టైపు చేసిన కాగితమది. స్వంత కారణాలవల్ల తాను రాజీనామా చేస్తున్నాననీ, తనకు రావలసిన బాకీలన్నీ ముట్టినవనీ అందులో వున్నది. కింద సంతకానికి మాత్రం చోటు వదిలారు. రాజీనామా చేసేవాడి పని ఇతరులే ఇంత శ్రద్ధగా చేసిపెట్టడం మనకు ఒక్క ఉద్యోగాల విషయంలోనే కనబడుతుంది.

సంగతి ఏమంటే, నాయుడుపేటలో వాళ్ల నాయనమ్మ పోయింది. నాలుగు రోజుల సెలవు పెట్టి వెళ్లాడు. అక్కడ జ్వరం తగులుకొన్నది. మరి తొమ్మిది రోజులు లేవలేదు. అంతస్తు సూపర్‌వైజరుకు ఫోనులో చెప్పాడు. డాక్టరు చీటీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. కాస్త కోలుకొని అంగడికి తిరిగివస్తే హాజరు యంత్రం వాడి వేలిముద్రను ఒప్పుకోలేదు. లోపలికి పోతే ఈ కాగితం ఇచ్చి, సోమవారంలోగా సంతకం పెట్టి తెమ్మన్నారు.

"పెట్టేస్తే పోతుందంటావా తమ్ముడూ? మంచి సర్టిఫికెట్టు ఇస్తామన్నారట. పెట్టకపోతే డిస్మిస్ అని రాస్తారట. ఆ మాట పడిందంటే రేపు వీడికి పనెవరిస్తారు, పిల్లనెవరిస్తారు?" అన్నది అక్కయ్య.

వెంటనే బదులు చెప్పలేకపోయాము. అటువంటి కాగితం మాకు కొత్తది కాదు. దాని తోబుట్టువును మేమే ఒకప్పుడు టైపు చేసివున్నాము.

అది 2013 నాటి మాట. మేము గుమాస్తాపని చేసే కార్యాలయంలో సరుకులు కట్టే పనివాడొకడు వుండేవాడు. మదనపల్లెవైపు మనిషి. ఒకసారి వూరికి వెళ్లి పదిహేను రోజులు రాలేదు. మేనేజరుగారు చెప్పారు, మేము టైపు చేశాము: "అనుమతి లేకుండా గైరుహాజరైనందున నీవు స్వచ్ఛందంగా పని వదలివేసినట్లు భావించడమైనది." ఆ తరువాత వాడు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ మేనేజరుగారు లేరని చెప్పినది మేమే. వారు లోపలే వున్నారు. ఎందుకు రాలేదని వాణ్ణి ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. పని వదలివేసినవాడు పనికోసం మూడుసార్లు గడప తొక్కుతాడా అని ఆనాడు మాకు తట్టనేలేదు.

మన వాళ్లలో ఎక్కువమంది జీతం మీద బ్రతికేవాళ్లమే. అయినా ఉద్యోగంలోనుంచి తీసివేయడానికి న్యాయమైన కారణం ఏదని అడిగితే "యజమాని ఇష్టం" అనేవాళ్లే ఎక్కువ. లేకపోతే "ఒకసారి చేరాక ఎవడూ తీయలేడు" అంటారు. రెండూ తప్పే. ఈ మధ్య మేము కొంత చదివి, తెలిసిన వకీలుగారినడిగి గ్రహించినది ఇక్కడ వ్రాస్తున్నాము.

అంగళ్లకూ చిన్న కార్యాలయాలకూ మదరాసు రాష్ట్రంలో 1947లోనే ఒక చట్టం చేశారు. దుకాణాలు, సంస్థల చట్టం అంటారు. తమిళనాడు పేరుతో ఇప్పటికీ వున్నది. అందులో 41వ సెక్షను మన యిళ్లలో ప్రతివారికీ తెలిసివుండవలసినది. ఆరు నెలలు ఎడతెగక పనిచేసినవాణ్ణి సహేతుకమైన కారణం లేకుండా తీసివేయరాదు. కారణం వున్నా నెల నోటీసో, బదులుగా నెల జీతమో ఇవ్వాలి. తప్పు చేశాడని తీసివేసేటట్లయితే నోటీసు అక్కరలేదు. కాని దానికోసం విచారణ జరిపి, అందులో సాక్ష్యం నమోదు చేసి, ఆ సాక్ష్యం వల్ల తప్పు రుజువై వుండాలి. తీసివేయబడినవాడు అప్పీలు చేసుకోవచ్చును. బెంగళూరులోని మన బంధువులకు కర్ణాటకవారి 1961 నాటి చట్టంలో 39వ సెక్షను ఇంచుమించు ఇదే మాట చెబుతున్నది.

అయితే సహేతుకమైన కారణం అంటే ఏమిటో ఆ సెక్షను విడమరచి చెప్పలేదు. పెద్ద కర్మాగారాలకు స్టాండింగ్ ఆర్డర్లని 1946 నుంచి వున్నవి. వాటిలో తప్పుల పట్టిక వున్నది: దొంగతనం, మోసం, లంచం, బుద్ధిపూర్వకంగా ఆజ్ఞ ధిక్కరించడం, సరుకు చెరచడం, అలవాటుగా ఆలస్యంగా రావడం, సెలవు లేకుండా పదిరోజులకు మించి రాకపోవడం, ఇట్లా. పట్టికలో లేని తప్పును యజమాని ఆనాటికానాడు కల్పించి శిక్షించరాదని కూడా సుప్రీం కోర్టు చెప్పింది. అంగడిలో అటువంటి పట్టిక సాధారణంగా వుండదు. అక్కడ కారణం తగినదా కాదా అని తూచి చూడవలసి వస్తుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థవారు 1982లో ఒక ఒడంబడిక వ్రాశారు. మన దేశం దానిమీద సంతకం పెట్టలేదు. అయినా అందులోని విభజన సుళువుగా వున్నది. పనివాణ్ణి తీసివేయడానికి కారణం మూడు చోట్లనుంచే రావచ్చునట. వాడి పని చేయగల శక్తి, వాడి నడవడి, లేదా వ్యాపారం అవసరం. మూడవదానిలో పనివాడి తప్పేమీ లేదు. వ్యాపారం తగ్గి మనుషులు ఎక్కువయ్యారు, అంతే. అప్పుడు కర్మాగారాలలో నెల నోటీసు, నిండిన ఒక్కొక్క యేడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. సాధారణంగా చివర చేరినవాణ్ణి మొదట పంపాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో వున్న ఈ లెక్కే, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ వున్నది. దీనిలో తగవు తక్కువ. తగవంతా నడవడి దగ్గరే.

ఇక గైరుహాజరు సంగతి. పెరంబూరు ప్రాంతపు మన కుటుంబాలకు బకింగ్‌హాం కర్నాటిక్ మిల్లు తెలియకపోదు. 1918లో వాడియాగారు పెట్టిన మదరాసు కార్మిక సంఘం ఆ మిల్లు కార్మికులతోనే మొదలయినది. ఆ మిల్లు 1996లో మూతబడింది. దాని స్టాండింగ్ ఆర్డర్లలో ఒక నియమం వుండేది: ఎనిమిది పనిదినాలు వరసగా సెలవు లేకుండా రానివాడు తానే పని వదలివేసినట్లు లెక్క. 1957లో ఒక కార్మికుడు (పేరును బట్టి మనవాడే అనిపిస్తుంది) సెలవుమీద వెళ్లి, గడువు దాటాక తిరిగివచ్చి, జబ్బుపడ్డానని ప్రభుత్వ వైద్యుని పత్రం చూపించాడు. మిల్లు డాక్టరు పరీక్షించి ఆ జబ్బును ధ్రువపరచలేనన్నాడు. మిల్లువారు వాణ్ణి తీసుకోలేదు. వ్యాజ్యం సుప్రీం కోర్టుదాకా పోయింది. 1963లో ఆ కోర్టు మిల్లువారి పక్షమే తీర్పు చెప్పింది. నియమం నియమమే, ఎనిమిది రోజులు దాటినవి, వాడు పని వదలినట్లే అన్నది.

సరిగా ముప్పై ఏళ్లకు, 1993లో, అటువంటి తగవే మళ్లీ అదే కోర్టుకు వచ్చింది. ఈసారి ఉత్తరదేశపు కర్మాగారం. నియమం మాత్రం ఎనిమిది రోజులదే. పనివాడు నేను రోజూ వస్తూనే వున్నాను, గేటు దగ్గర లోపలికి పోనివ్వలేదు అన్నాడు. యజమాని వాడు రానేలేదన్నాడు. ఎవరి మాట నిజమో అడిగి తేల్చిన విచారణ ఒక్కటీ లేదు. అప్పుడు కోర్టువారు, జీవించే హక్కులో జీవనోపాధి కూడా చేరివున్నదనీ, ఎనిమిది రోజుల నియమం వున్నప్పటికీ నీవేమంటావని పనివాణ్ణి అడగకుండా పేరు కొట్టివేయరాదనీ చెప్పి, సగం వెనకటి జీతంతో వాణ్ణి పనిలో పెట్టించారు.

నడుమ మారినది ఎనిమిది రోజుల లెక్క కాదు. మా మట్టుకు మేము గ్రహించినది ఏమంటే, తగిన కారణమనేది యజమాని ఒక్కడి దగ్గరే తయారయ్యే వస్తువు కాదు. అతడు చెప్పినది సగం. దానికి పనివాడు చెప్పుకొన్న సంజాయిషీ మిగతా సగం. రెండవ సగం వినకముందు మొదటి సగాన్ని అభియోగం అనవచ్చును, అనుమానం అనవచ్చును, కారణం అనరాదు. గైరుహాజరు అంటే రాకపోవడమే గదా, దానికి విచారణ ఎందుకని మా మేనేజరుగారి వాదన. రాకపోవడం హాజరుపట్టీలో కనబడుతుంది. ఎందుకు రాలేదో హాజరుపట్టీలో కనబడదు.

వినడమంటే ఉత్తుత్తిగా వినడం కాదు సుమా. దీనికి కోలారు బంగారు గనులలో జరిగినది చెప్పాలి. అక్కడ భారత్ గోల్డ్ మైన్సు కంపెనీలో ఒక సెక్యూరిటీ ఆఫీసరుండేవాడు. 1985 జూనులో పోలీసులు వాడి యింటిమీద దాడిచేసి, నాలుగున్నర గ్రాముల బంగారు ముద్ద, 1,276 గ్రాముల బంగారు ఇసుక దొరికినవని కేసు పెట్టారు. కంపెనీవారు సస్పెండు చేసి, ఛార్జిషీటిచ్చి, విచారణ మొదలుపెట్టారు. సస్పెన్షనులో ఇవ్వవలసిన జీవనభృతి మాత్రం ఇవ్వలేదు. ఆ మనిషి కేరళలో తన యింట వున్నాడు. చేతిలో డబ్బు లేదు, ఒంట్లో బాగులేదు, రాలేనన్నాడు. రాకపోయినా విచారణ సాగించి 1986 జూనులో బర్తరఫు చేశారు. 1987లో క్రిమినలు కోర్టు ఆ దాడి కథే రుజువు కాలేదని వాణ్ణి విడిచిపెట్టింది. అయినా ఉద్యోగం రాలేదు. చివరకు 1999లో సుప్రీం కోర్టు, అన్నానికి డబ్బివ్వకుండా విచారణకు రమ్మంటే అది విచారణే కాదన్నది. మళ్లీ కొత్త విచారణ కూడా వద్దని, పనిలో పెట్టుకొమ్మని, సస్పెండు చేసిన నాటినుంచి జీతమంతా ఇమ్మని, ఖర్చులకు ఇరవై అయిదు వేల రూపాయలు ఇమ్మని ఉత్తరువు చేసింది. ఆ గనులే 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. పధ్నాలుగేళ్లు పోరాడి తెచ్చుకొన్న ఉద్యోగం రెండేళ్లయినా నిలువకుండానే గని పోయిందన్నమాట. న్యాయం దొరికిందని ఈ కథ చెప్పేవారున్నారు. మాకు ఆ పధ్నాలుగేళ్లే కళ్లకు కట్టినవి.

జీవనభృతి సంగతి వచ్చింది కనుక ఒక ముక్క. సస్పెన్షనులో మొదటి తొంభై రోజులు సగం జీతం, పనివాడి తప్పు లేకుండా జాప్యమైతే ఆ పిమ్మట ముప్పాతిక జీతం ఇవ్వాలి. కొత్త స్మృతిలోనూ అంతే. విచారణ సాధారణంగా తొంభై రోజులలో ముగించాలని కూడా అందులో వ్రాశారు. స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరిగా వుండవలసినవి మూడువందలమంది, అంతకు మించి పనివాళ్లున్న చోట్ల మాత్రమే కాబట్టి చిన్నచోట్ల పనిచేసేవాళ్లు దీన్ని చూసి మరీ సంతోషించనక్కరలేదు.

కారణం వుండి, విచారణా జరిగినా శిక్ష తప్పుకు తగినంత వుండాలనేది మరొక మాట. 1971కి పూర్వం తప్పు రుజువైతే శిక్ష ఎంతనేది చాలావరకు యజమాని ఇష్టమే. ఆ యేడు చట్టాన్ని సవరించి, శిక్ష మరీ ఎక్కువనిపిస్తే తగ్గించే అధికారం లేబరు కోర్టుకు ఇచ్చారు. పూర్వం మచ్చలేని పనివాడు ఒకసారి నోరుజారినందుకు బర్తరఫు చేయడం తగదని 1982లో సుప్రీం కోర్టు ఒక కేసులో అన్నది. అట్లాగని నోరు పారవేసుకొనేవారు ధైర్యం తెచ్చుకోనక్కరలేదు. పైఅధికారిని బండబూతులు తిట్టిన ఒకతని బర్తరఫును 2005లో అదే కోర్టు ఖాయం చేసింది. పూనాలో భారత్ ఫోర్జి కర్మాగారంలో ఒక హెల్పరు 1983లో డ్యూటీవేళ ఇనుప రేకుమీద పడుకొని గాఢనిద్రలో దొరికిపోయాడు. నిద్రకు బర్తరఫా అని మనకు జాలి కలుగుతుంది. కాని అంతకుముందు మూడుసార్లు వాడు శిక్ష పొందివున్నాడు. ఆ పాత చిట్టా చూసి 2005లో బర్తరఫు సరేనన్నారు. డబ్బు దగ్గర కోర్టులు మరీ కచ్చితం. బస్సు కండక్టరు టిక్కెట్ల డబ్బులో గోల్‌మాల్ చేస్తే మొత్తం ఎంత చిన్నదైనా కోర్టులు మెత్తబడవు. ఇది న్యాయమే అనుకొంటాము. గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడి మీద వుండేది నమ్మకం ఒక్కటే.

"నమ్మకం పోయింది" అనే మాటను మాత్రం జాగ్రత్తగా చూడాలి. చేతిలో సాక్ష్యం లేని యజమాని తరచు ఎక్కేది ఆ మెట్టే. 1975లో ఒక పంపుల కంపెనీవారు, కంపెనీ రహస్యాలు బయటికి చేరవేస్తున్నాడనే అనుమానం మీద ఒక ఉద్యోగిని, మచ్చపడే మాట ఒక్కటీ వాడకుండా, కేవలం నెల నోటీసు పద్ధతిలో సాగనంపామని వాదించారు. ఉత్తరువు మీది మాటలు ఎంత మెత్తగా వున్నా ముసుగు తీసి లోపలి కారణం చూస్తామని సుప్రీం కోర్టు అన్నది. మెత్తని మాట అంటే మా మేనల్లుడి జేబులోని "స్వంత కారణాలు" వంటిది.

ఇక్కడ యజమాని పక్షం కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ఆడినెల తగ్గింపు అమ్మకాలంటే త్యాగరాయనగరంలో ఎట్లా వుంటుందో మనకు తెలుసు. మెట్లమీద కూడా మనుషులే. ఆ రోజుల్లో చేయి తిరిగిన సేల్సుమన్ పదమూడు రోజులు లేకపోతే అంగడివారికి మండదా? ఫోనుచేసి నాలుగు రోజులని, తరువాత మరి రెండని, మరి మూడని వీడూ విడతలు విడతలుగా చెప్పాడు. డాక్టరు చీటీ అయిదోనాటిదాకా పంపలేదు. ఈ సంగతులు మేము అడిగి అడిగి లాగితే బయటపడ్డవి. అక్కయ్యకు కోపం వచ్చింది. "నువ్వు వాళ్ల వకీలువా?" అన్నది. అంగడివాళ్లు అడగబోయే ప్రశ్నలు యింట్లో ముందే అడగడం మంచిదని మా వుద్దేశం.

ఆ రాత్రి భోజనాలయాక రాజీనామా కాగితాన్ని పక్కనబెట్టి వేరే కాగితం వ్రాశాము. అందులో చట్టం పేరెత్తలేదు. మొదటి జాబులోనే చట్టం ఎత్తితే చెప్పేవాడు పనివాడు గాక వకీలు అయిపోతాడు. ఏ తేదీన ఎవరికి ఫోను చేసినదీ, ఏ తేదీన డాక్టరు చీటీ పంపినదీ వరసగా వ్రాశాము. నేను పనికి సిద్ధంగా వున్నాను, రాజీనామా చేయలేదు, చేయదలచలేదు. నామీద తప్పేదైనా వుంటే వ్రాతపూర్వకంగా తెలిపితే సంజాయిషీ ఇచ్చుకొంటాను అని ముగించాము. అసలు డాక్టరు చీటీ యింట్లో వుంచి నకలు జతచేశాము. సోమవారం పొద్దున స్పీడ్ పోస్టులో పంపి రసీదు అక్కయ్య చేతికిచ్చాము. వాట్సాప్‌లోని సంభాషణ చెరిగిపోకుండా కుర్రవాడిచేత అచ్చు తీయించాము.

పదకొండోరోజున అంగడినుంచి పిలుపు వచ్చింది. మెమో ఇచ్చారు. తమిళంలోనే సంజాయిషీ వ్రాసి ఇచ్చాడు. సూపర్‌వైజరును పిలిచి అడిగితే ఫోను వచ్చినమాట నిజమేనన్నాడు. ఆ ఒక్కమాటతో సగం పని అయిపోయింది. ముందే అడిగివుంటే కాగితమే పుట్టేది కాదు. చివరకు మందలించి, తొమ్మిది రోజుల జీతం కోసి, తిరిగి పనిలో పెట్టుకొన్నారు. పట్టుచీరల అంతస్తు మాత్రం పోయింది. ఇప్పుడు కింద లుంగీలు, తువాళ్ల దగ్గర వేశారు.

తొమ్మిది రోజుల జీతం పోయినందుకు అక్కయ్యకు యింకా కోపమే. పనిచేయని రోజులకు జీతం అడగడం తగదని మేము అంటే ఆవిడ మాట్లాడటం లేదు. తువాళ్ల దగ్గరికి మార్చడం మాకూ కష్టంగానే వున్నది. అది శిక్షే, పేరు మాత్రం బదిలీ. కాని దానిమీద పోరాడమని మేము చెప్పలేదు. కుర్రవాడే, "పండుగ అమ్మకాల్లో మళ్లీ పైకి పిలుస్తారులే మామయ్యా, చీర పరిచేవాళ్లు వాళ్లకూ కావాలి గదా" అన్నాడు.

ఈ గొడవ సర్దుకొన్నాక ఒకనాడు మధ్యాహ్నం మేము మా కార్యాలయంలో బీరువా తెరిచి 2013 నాటి ఫైలు తీశాము. ఆ సరుకులు కట్టే పనివాడి కాగితాలలో మెమో లేదు. సంజాయిషీ లేదు. విచారణ అనే మాటే లేదు. మేము టైపు చేసిన ఉత్తరం నకలు ఒక్కటే వున్నది. దాని అడుగున ఎడమవైపు, టైపు చేసినవారి గుర్తుగా, మా పొడి అక్షరాలున్నవి.